కారు మనదే, తాళంచెవి ఎవరిది?

ఎమ్మెస్ చదవడానికి అమెరికా వచ్చిన మన వాళ్ళందరికీ ఒక మొదటి కారు కథ ఉంటుంది. నా కథ 2013లో మొదలైంది. నలుగురు రూమ్మేట్లం తలా 550 డాలర్లు వేసుకుని, 2,200కి పదమూడేళ్ళ పాత జపాన్ సెడాన్ ఒకటి కొన్నాం. అప్పటికే లక్షా అరవై వేల మైళ్ళు తిరిగింది. ఇండియన్ స్టోర్ నుంచి బియ్యం బస్తా తెచ్చుకోవాలన్నా, ఎయిర్‌పోర్టులో దిగే జూనియర్లని తీసుకురావాలన్నా అదే దిక్కు.

మూడో నెలలో డాష్‌బోర్డు మీద చెక్ ఇంజన్ లైటు వెలిగింది. దగ్గర్లోని గ్యారేజీకి తీసుకెళితే, కాటలిటిక్ కన్వర్టర్ మార్చాలి, 1,400 డాలర్లు అవుతుంది అన్నారు. కారు ఖరీదులో సగానికి పైనే! మా రూమ్మేట్ ఒకడు ఇరవై డాలర్లు పెట్టి కోడ్ రీడర్ కొనుక్కొచ్చాడు. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కి తగిలిస్తే పి0135 అని చూపించింది. అంటే ఆక్సిజన్ సెన్సర్ హీటర్ సర్క్యూట్‌లో లోపం. కోడ్ చెప్పేది ఏ సర్క్యూట్ అన్నదే కాని ఏ పార్టు పోయిందన్నది కాదు. అందుకని ముందు ఫ్యూజు చూశాం, తరవాత మల్టీమీటర్ పెట్టి హీటర్ చూశాం. పోయింది హీటరే. 60 డాలర్ల సెన్సర్, పార్ట్స్ షాపు వాళ్ళు డిపాజిట్ మీద ఇచ్చిన సాకెట్, అపార్ట్‌మెంట్ పార్కింగ్ లాటులో ఒక ఆదివారం మధ్యాహ్నం. లైటు ఆరిపోయింది. నాకు కార్ల పిచ్చి పట్టుకున్నది ఆ రోజే.

ఇక రెండో కథ. పోయిన ఏడాది ఎవరో పార్కింగులో నా 2022 మోడల్ కారు వెనక బంపర్‌కి తగిలించి వెళ్ళిపోయారు. పక్కనుంచి వచ్చే బళ్ళని పసిగట్టే రాడార్ సెన్సర్ పగిలింది. ఎన్నో ఏళ్ళుగా నా కార్లు చూస్తున్న మెకానిక్ అదే కంపెనీ సెన్సర్ తెప్పించి, అరగంటలో బిగించాడు. కారు మాత్రం దాన్ని ఒప్పుకోలేదు. కొత్త సెన్సర్‌ని కారుకి పరిచయం చేయాలంటే తయారీదారు సర్వర్ అనుమతి కావాలట. చివరికి డీలర్ దగ్గరికి వెళ్ళి, ఇరవై నిమిషాల పనికి 380 డాలర్లు కట్టి వచ్చాను. "నట్లు బిగించడం వరకే నా పని, అనుమతి ఇచ్చేది వాళ్ళు" అని మా మెకానిక్ నవ్వాడు. కాని ఆ నవ్వులో నవ్వు లేదు.

ఈ రెండు కథలకీ మధ్య జరిగిన మార్పు గురించే ఈ వ్యాసం.

మొదటి కథలో నన్ను గట్టెక్కించింది నా తెలివి కాదు, ఒక చట్టం. 1990లో క్లీన్ ఎయిర్ యాక్టుకి చేసిన సవరణల పుణ్యమా అని, 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారులోనూ ఒకే రకం సాకెట్, ఒకే రకం కోడ్‌లు వచ్చాయి. పొగకి సంబంధించిన రిపేరు సమాచారం బయటి మెకానిక్కులకి కూడా ఇవ్వాలని ఆ చట్టమే చెప్పింది. ఏ కంపెనీ కారైనా ఇరవై డాలర్ల రీడర్‌తో చదవగలుగుతున్నామంటే కారణం అదే.

పొగతో సంబంధంలేని మిగతా సమాచారం సంగతేమిటని మసాచుసెట్స్ ప్రజలు అడిగారు. 2012లో బ్యాలెట్ మీద పెట్టి భారీ ఆధిక్యంతో "రైట్ టు రిపేర్" గెలిపించారు. రాష్ట్రానికో చట్టం వస్తే తలనొప్పి అనుకున్న కార్ల కంపెనీలు, 2014లో దేశమంతా అవే నియమాలు పాటిస్తామని ఒప్పందం చేసుకున్నాయి. అయితే కారు నుంచి గాలిలో నేరుగా కంపెనీ సర్వర్‌కి వెళ్ళే డేటా, అంటే టెలిమాటిక్స్, చాలావరకు అందులోకి రాలేదు. చూస్తూండగానే అసలు సమాచారమంతా ఆ దారి పట్టింది.

అంచేత 2020లో మసాచుసెట్స్ మళ్ళీ ఓటేసింది. నూటికి 75 మంది అవునన్నారు. ఆ నెలలోనే కంపెనీల కూటమి కోర్టుకెక్కింది. 2023 జూన్‌లో రాష్ట్రం చట్టాన్ని అమలు చేయబోతే, దాన్ని పాటించవద్దని ఫెడరల్ రోడ్డు భద్రతా సంస్థ కంపెనీలకి లేఖ రాసింది. ఆగస్టులో కొంత సర్దుకుని, బ్లూటూత్ లాంటి దగ్గరి దూరపు పద్ధతిలో డేటా ఇవ్వవచ్చంది. 2025 ఫిబ్రవరిలో ఫెడరల్ జడ్జి కంపెనీల దావా కొట్టేశారు. ఈలోగా 2023 నవంబరులో మెయిన్ రాష్ట్రం 84 శాతం ఓట్లతో ఇలాంటి చట్టాన్నే ఆమోదించింది. దేశమంతటికీ వర్తించే రిపేర్ యాక్ట్ బిల్లుని 2025లో కాంగ్రెస్‌లో మళ్ళీ ప్రవేశపెట్టారు.

అవతలి పక్షం వాదన కూడా వినాలి. 2015లో ఇద్దరు పరిశోధకులు హైవే మీద వెళుతున్న ఒక జీప్‌ని ఎక్కడో ఇంట్లో కూర్చుని ఆపగలిగారు. ఫలితంగా 14 లక్షల వాహనాలని రీకాల్ చేయాల్సి వచ్చింది. కాబట్టి భద్రత ఉత్త సాకు కాదు. నేను రోజూ రాసేది కారు సాఫ్ట్‌వేర్ కాదు గాని, పరికరానికీ సర్వర్‌కీ మధ్య నిలబడి "నువ్వెవరు?" అని అడిగే కోడే. ఆ అనుభవంతో ఒక మాట చెప్పగలను. తలుపుకి తాళం ఉండాల్సిందే. కాని తాళంచెవి ఎవరికివ్వాలన్నది ఇంజనీరింగ్ ప్రశ్న కాదు, వ్యాపార నిర్ణయం. యజమాని ఒప్పుకుంటే, గుర్తింపు ఉన్న మెకానిక్‌కి, ఆ ఒక్క కారుకి, కొద్ది గంటలపాటు అనుమతి ఇచ్చి, ఎవరు ఏం చేశారో లాగ్‌లో రాసిపెట్టడం మనకి తెలియని విద్య కాదు. మన బ్యాంకులు చేస్తున్నది అదేగా! నేనూ ఎన్నోసార్లు ఎవరిని రానివ్వకూడదో జాబితా ఇస్తే అడగకుండా కోడ్ రాసేశాను. ఆ జాబితాలో మా మెకానిక్ లాంటి వాడు ఉండి ఉంటాడని 380 డాలర్లు కట్టేదాకా తట్టలేదు.

ఇందులో మనకేమిటి అంటారా? 2025లో అమెరికా రోడ్ల మీద తిరిగే బళ్ళ సగటు వయసు 12.8 ఏళ్ళు. ఆ ఏడాది ఏప్రిల్‌లో దిగుమతి కార్ల మీద, మే నెలలో పార్టుల మీద 25 శాతం సుంకం పడింది. జపాన్ కార్లకి ఆ ఏడాదే 15 శాతానికి తగ్గినా, పాత సుంకంతో పోలిస్తే అది ఎక్కువే. పైగా హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే సాధారణంగా అరవై రోజులే గడువు. అలాంటివాడు ఆరేళ్ళ లోన్ మీద కొత్త కారు కొనడానికి వెనకాడితే తప్పేముంది? ఉన్న కారుని జాగ్రత్తగా నడుపుకోవడమే మనలో చాలామందికి మిగిలిన దారి. ఆ దారిలో కూడా గేటు పెడితే ఎలా?

మాది విజయవాడ. చిన్నప్పుడు నాన్నగారి వెంట ఆటోనగర్ వెళ్ళేవాణ్ణి. ఏ కంపెనీ లారీ అయినా అక్కడ మెకానిక్ విప్పి చూసేవాడు. పార్టు దొరక్కపోతే పక్క షెడ్డులో లేత్ మీద చేయించి బిగించేవాడు. ఎవరి అనుమతీ అడిగేవాడు కాదు. ఆ విద్యే వేల కుటుంబాలకి అన్నం పెట్టింది. ఇండియాలో కూడా 2022లో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టి, అందులో వాహనాలని చేర్చింది. రేపు ఆటోనగర్‌కి వచ్చే బళ్ళకీ ఇదే సమస్య. ఇక్కడ ఏం తేలుతుందో అక్కడ వాళ్ళకీ కావాలి.

పాఠకులకి నా మనవి మూడు మాటలు. ఒకటి, ఇరవై డాలర్ల కోడ్ రీడర్ కొని కారులో ఉంచుకోండి. వేలల్లో ఎస్టిమేటు ఇస్తే, ఏ కోడ్ వచ్చిందని ముందు అడగండి. రెండు, ఆయిల్ బయట మార్పించినంత మాత్రాన వారంటీ పోతుందంటే నమ్మకండి. 1975 నాటి మాగ్నుసన్-మాస్ చట్టం అలా కుదరదంటుంది. రసీదులు మాత్రం దాచుకోండి. మూడు, ఓటు హక్కు ఉన్నవాళ్ళు మీ ప్రతినిధికి ఒక ఉత్తరం రాయండి. హక్కు లేని నాలాంటి వాళ్ళం చేయగలిగింది ఇంకొకటుంది. మనలో వేలమంది ఈ తాళాలు తయారుచేసే చోటే పనిచేస్తున్నాం. ఈసారి డిజైన్ మీటింగులో ఎవరికి అనుమతి ఇవ్వాలి అన్న మాట వచ్చినప్పుడు, యజమాని పేరు కూడా జాబితాలో ఉందా అని ఒక్కసారి అడుగుదాం. నేను పోయిన నెల అడిగాను. ఇంకా జవాబు రాలేదు. మళ్ళీ అడుగుతాను.