ఉద్దానం వెళ్ళేటప్పుడు ఏం పట్టుకెళ్ళాలి?

టెక్కలి నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. "ఇంట్లో పాత చీరలూ, దర్జీ దగ్గర మిగిలిన గుడ్డముక్కలూ చాలా ఉన్నాయి. చేత్తో కుట్టి నలుగురికీ ఇవ్వదగిన చిన్న చిన్న వస్తువులు చెప్పండి. కుట్టుమిషను లేదు. రుమాళ్ళూ, దిండు గలీబులూ కుట్టి కుట్టి విసుగెత్తింది" అన్నారు. ఉత్తరం చివర, వేరే సిరాతో, తరువాతెప్పుడో చేర్చినట్టు ఇంకో మాట ఉంది. "మా ఆడపడుచును కవిటి దగ్గర ఇచ్చాం. ఆమెకు మూత్రపిండాల జబ్బు. డయాలసిస్ చేయించుకుంటోంది. చూడ్డానికి వెళ్ళాలి. ఏం పట్టుకెళ్ళాలో తోచడం లేదు."

ఉత్తరాలు చదవడం అలవాటయిన వాళ్ళకు తెలుస్తుంది, అసలు సంగతి ఎప్పుడూ చివరనే ఉంటుంది. రుమాళ్ళ మాట తరువాత చూద్దాం. ముందు ఆడపడుచు సంగతి.

ఆ ప్రాంతం ఎరగని వారి కోసం ఒక్క మాట. పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా సముద్రాన్ని ఆనుకుని ఉన్న తోటల సీమను ఉద్దానం అంటారు. ఉద్యానవనమే నోళ్ళల్లో నలిగి ఉద్దానమైందని చెబుతారు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి అన్నీ ఈ పచ్చదనంలోనివే. కొబ్బరి, జీడిమామిడి, పనస ఇక్కడి సంపద. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి లెక్కలేనన్ని చెట్లను కూల్చింది. అంత జరిగినా అక్కడివాళ్ళ మర్యాద మాత్రం కూలలేదు. చుట్టాలింటికి వెళ్ళేవాళ్ళు చేతిలో కొబ్బరి బొండాలో, పనసతొనలో, జీడిపప్పు పొట్లమో లేకుండా వెళ్ళరు. వచ్చిన చుట్టాన్ని వట్టి చేతులతో పంపనూ పంపరు.

మూత్రపిండాలు చెడినవాళ్ళకు సరిగ్గా ఈ మూడే వద్దంటారు డాక్టర్లు. కొబ్బరినీళ్ళలోనూ, పనసలోనూ పొటాషియం అనే లవణం ఎక్కువ. మంచి మూత్రపిండాలు దాన్ని ఎప్పటికప్పుడు బయటికి పంపేస్తాయి. చెడినవి పంపలేవు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. ప్రాణం మీదికి రావచ్చు. జీడిపప్పులో పొటాషియంతోపాటు భాస్వరం కూడా ఉంది. పోనీ, బజారులో నాలుగు అరటిపళ్ళూ, బత్తాయిలూ కొనుక్కు వెళదామంటే వాటికీ అదే ఆక్షేపణ. ఆ ఇంటి పరిస్థితి ఊహించండి. దొడ్డి నిండా కాయలు వ్రేలాడుతుంటాయి, ఇంటి మనిషికి ఒక్కటీ పనికిరాదు. చూడవచ్చిన ప్రతివాళ్ళూ వాటినే తెచ్చి మంచం పక్కన పెడతారు. ఆమె పైకి నవ్వి, పిల్లలకు పంచిపెడుతుంది.

అందుకని ఈ సోదరికి నా సలహా: గుడ్డ పట్టుకెళ్ళండి.

ఈ జబ్బు ఉద్దానంలో ఇందరికి ఎందుకు వస్తున్నదో ఇదీ కారణమని ఇంతవరకు తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, అమెరికా ఖండం నడుమనున్న ఎల్ సాల్వడార్, నికరాగువా దేశాలలోనూ ఇటువంటి జబ్బే రైతుల ఇళ్ళల్లో కనబడింది. పలాసలో 200 పడకల మూత్రపిండాల ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయింది. వైద్యం సంగతి వైద్యులు చూస్తారు. సూదీ దారం మన చేతిలో ఉంది కనుక మన పని మనం చూద్దాం.

కాశీబుగ్గలో మా చిన్నమ్మ ఇంటి పక్కన ఒకావిడ ఉన్నారు. వారానికి రెండు మూడుసార్లు, పోయినప్పుడల్లా నాలుగేసి గంటలు, మంచం మీద కదలకుండా పడుకోవాలి. ఒంట్లో రక్తం గొట్టాల గుండా బయటికి వచ్చి, శుభ్రపడి, తిరిగి లోపలికి వెళుతుంది. ఆ దారిలో చల్లబడుతుంది. "ఏసంగి ఎండల్లో కూడా వొణుకేనమ్మా. నాలుగ్గంటలు తొంగుంటే కాళ్ళు మంచయిపోతాయి" అన్నారావిడ. దుప్పటి తీసుకువెళ్ళరా అని అడిగాను. "బరువు. బస్సులో మొయ్యాల. ముసురు రోజుల్లో ఆరి చావదు" అన్నారు. ఏం కుట్టాలో ఆవిడే చెప్పేశారన్న మాట.

కుట్టవలసింది ఒడి బొంత. పెద్ద బొంత కాదు. నడుము నుంచి పాదాలు కప్పితే చాలు. గజంన్నర పొడవు, గజం వెడల్పు. మెత్తబడిన నూలు చీరను మూడు పొరలుగా వేయండి, అంతకు మించవద్దు. దూది పెట్టకండి. సముద్రపు గాలికి దూది చెమ్మ పట్టి బూజు వాసన వేస్తుంది. మూడు పొరల బొంతయితే ఒక్క ఎండకు ఆరిపోతుంది. మడిస్తే చేతిసంచిలో ఇమిడిపోతుంది. కుట్టే ముందు చీరను వేడినీళ్ళలో నానబెట్టి గంజి అంతా పోయేటట్టు ఉతకండి. జరీ అంచు ఉంటే కత్తిరించి తీసేయండి, అది ఒంటికి గీసుకుంటుంది. పొరలు జరగకుండా ముందు అడ్డంగా, నిలువుగా పెద్ద టాకాలు వేసుకుని, తరువాత అంచు నుంచి లోపలికి చుట్టూ తిరుగుతూ మామూలు రన్నింగు కుట్టు వేసుకురండి. వరుసకూ వరుసకూ బెత్తెడు ఎడం చాలు. దారం మరీ బిగించి లాగితే గుడ్డ ముడుచుకుపోతుంది. చివర టాకాలు ఊడదీయడం మరవకండి.

రంగు లేతది ఎంచుకోండి. ముదురు రంగయితే మాపు కనబడదని మనకు అలవాటు. ఇక్కడ కనబడాలి. సూది దగ్గర నుంచి రక్తపు చుక్క రాలితే వెంటనే కంటబడాలి. ఆ మరకను చన్నీళ్ళతోనే ఉతకాలని కూడా చెప్పి ఇవ్వండి. వేడినీళ్ళు పోస్తే రక్తం గుడ్డలో పట్టుకుపోతుంది. వీలయితే రెండు బొంతలు కుట్టండి, ఒకటి దండెం మీద ఉన్నప్పుడు ఒకటి ఆసుపత్రికి వెళుతుంది.

(ఇటువంటి పనినే వంగదేశంలో కాంతా అంటారు. పట్నాల దుకాణాలలో అద్దాల వెనుక పెట్టి అమ్ముతారు. పూరీ వెళ్ళివచ్చేవాళ్ళు దారిలో పిప్పిలి ఊళ్ళో రంగుగుడ్డలు అతికి కుట్టిన గొడుగులూ, దీపాల తొడుగులూ కొని తెచ్చి మురిసిపోతారు. మన నాయనమ్మలు కుట్టిన బొంతను మాత్రం చుట్టాలొస్తే మంచం క్రిందికి తోసేస్తాం. సరే, దానికేం గాని.)

రెండోది రవికె చేయి. ఇది బొంతకంటె చిన్న పని, ఉపయోగం మాత్రం ఎక్కువ. డయాలసిస్ కోసం చాలామందికి చేతిలో ఒక ధమనినీ, ఒక సిరనూ కలిపి ఆపరేషను చేస్తారు. ఫిస్టులా అంటారు. ఆ చెయ్యే ఇక ఆ మనిషికి జీవనాధారం. దాన్ని బిగించకూడదు. దాని మీద బరువు మొయ్యకూడదు. దాన్ని అదిమి పడుకోకూడదు. మన రవికెల చేతులు ఎలా ఉంటాయో మీకు తెలుసు, చర్మానికి అంటుకుపోయి ఉంటాయి. పైకి లాగితే దండ దగ్గర బిగిసిపోతాయి.

ఏ చేతికి ఆపరేషను అయిందో ముందు కనుక్కోండి. ఆ చేతి రవికెను భుజం మీది నుంచి అంచు వరకు, బయటివైపున, నిలువుగా కత్తిరించండి. ఆ చీలికలో రెండంగుళాల వెడల్పు గుడ్డపట్టీ ఒకవైపున జోడించి, రెండోవైపున రెండంగుళాలకొకటి చొప్పున టిచ్ బటన్లు కుట్టండి. బటన్లు బయటివైపునే ఉండాలి. మోచేతి లోపలివైపుకో, మణికట్టు వైపుకో రాకూడదు, ఫిస్టులా ఉండేది అక్కడే. బటన్లు తీస్తే చేయి పూర్తిగా విచ్చుకోవాలి. వేస్తే మామూలు రవికెలా కనబడాలి. పదిమంది మగవాళ్ళూ ఆడవాళ్ళూ తిరిగే చోట రవికె విప్పవలసి రావడం ఒక ఆడమనిషికి ఎంత కష్టమో నేను చెప్పనక్కరలేదు. మగవాళ్ళ చొక్కా చేతులకూ ఇదే పద్ధతి.

ఒక హెచ్చరిక. సూదులు ఉన్నంతసేపు ఆ చేయి నర్సుకు కనబడుతూ ఉండాలి. చలిగా ఉంది కదా అని బొంతను చేతి మీదికి లాక్కోకూడదు. లోపల సూది జారి రక్తం పోతుంటే ఎవరికీ తెలియదు. అందుకే బొంతను ఒడి వరకే కుట్టమన్నాను. మీ ఆప్యాయత కొద్దీ మెడ దాకా వచ్చేంత పొడుగు కుట్టకండి. ఆ చేయి నాలుగు గంటలు చాపి ఉంచాలి కాబట్టి మోచేతి క్రింద పెట్టుకునే జానెడు దిండు ఒకటి కుట్టి ఇవ్వవచ్చు. లోపల బూరుగుదూది, పైన విప్పి ఉతుక్కునే గలీబు. గలీబులు కుట్టి విసుగెత్తిందన్నారు, ఇది ఒక్కటి మాత్రం కుట్టండి. తీసుకువెళ్ళే ముందు ఇవన్నీ ఆసుపత్రిలో ఒకసారి చూపించమని చెప్పండి.

ఇక గాజులు. ఆ చేతికి గాజులు వద్దంటారు. ముత్తయిదువకు ఒక చేయి బోసిగా పెట్టుకోవడం ఎంత బాధో ఏ డాక్టరుకూ పూర్తిగా తెలియదేమో. మా చిన్నమ్మ పొరుగావిడ జబ్బు పేరు విన్నప్పుడు ఏడవలేదట, ఎడమచేతి గాజులు తీసిన రోజున ఏడ్చిందట. తీసిన గాజులు ఏం చేశారని అడిగాను. డబ్బా లేక బియ్యంలో దాచానన్నారు. అటువంటివారికి ఒక గాజుల తిత్తి కుట్టి ఇవ్వండి. మంచి రంగులో క్రొత్త గుడ్డ తీసుకోండి, దీనికి పాతది వద్దు. పదంగుళాల పొడవు, పన్నెండంగుళాల వెడల్పు ముక్క చాలు. లోపల మెత్తటి గుడ్డ వేసి, నిలువు అంచులు రెండూ కలిపి గొట్టంలా కుట్టి, అడుగున గుండ్రటి ముక్క అతికి, పైన బొందు దూర్చండి. డజను గాజులు గలగలమనకుండా అందులో కూర్చుంటాయి. ఆవిడ మళ్ళీ వేసుకుంటుందా లేదా అన్నది మనం మాట్లాడవలసిన విషయం కాదు. బియ్యంలోంచి తీసి ఒక చోటంటూ పెడతాం, అంతే.

పాత గుడ్డ ఇవ్వడం గురించి కొందరికి సందేహం ఉంటుంది. నిజమే, చూసుకోవాలి. సొంత మనుషులకు అమ్మ చీరతోనో, అత్తగారి చీరతోనో బొంత కుట్టి ఇస్తే అది గౌరవం. ఈ సోదరి తన ఆడపడుచుకు ఇస్తున్నది కనుక, ఆడపడుచు తల్లి చీర ఒకటి ఇంట్లో మిగిలి ఉంటే అదే వాడమంటాను. పుట్టిల్లు కాళ్ళ మీద కప్పినట్టుంటుంది. బయటివాళ్ళకు మాత్రం మీరు కట్టి విడిచిన చీర ఇవ్వకండి. పాతగుడ్డ పడేశారని అనుకుంటే ఆ కానుక తిరిగి మీ మొహానే తగులుతుంది. వాళ్ళకు మూడు గజాల లేత రంగు మల్లుగుడ్డ కొని, రెండుసార్లు ఉతికి మెత్తబరచి కుట్టండి. చంటిపిల్లల బొంతకైతే ఈ పేచీ లేదు. పురుటింట్లో పాత మెత్తని చీరకున్న విలువ పట్టుకు లేదు.

ఇప్పుడు రుమాళ్ళ ప్రశ్నకు ఒక చిన్న జవాబు. కొబ్బరిచిప్పను నున్నగా గీకి, అందులో పట్టేటంత గుడ్డ ఉండను బిగించి కూర్చండి, సూదులు గుచ్చుకునే గుండ అవుతుంది. ఉండలోపల కొబ్బరిపొట్టు కూరవద్దు, చెమ్మ పీల్చి సూదులు తుప్పు పట్టిస్తుంది. ఉన్ని ముక్కలు కూరితే మంచిది. నౌపడ ఉప్పుమళ్ళ వైపు గాలిలో సూదులు ఎంత త్వరగా తుప్పెక్కుతాయో టెక్కలి వారికి నేను చెప్పాలా! పేరంటానికి పిలిచినప్పుడు తాంబూలంతో పాటు ఇవ్వడానికి బాగుంటుంది.

చివరిగా గుర్తు సంగతి. డయాలసిస్ గదిలో వరుసగా మంచాలు, ప్రతి మంచం మీదా దుప్పట్లు, మారిపోవడం తేలిక. చాకళ్ళు పెట్టినట్టు నల్లజీడి రసంతో గుర్తు పెట్టకండి, అది ఒంటికి తగిలితే పొక్కులు వస్తాయి. జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళే పలాస ఆడపడుచులకు జీడినూనె చేసే పని తెలుసు కాబట్టి, బొంత ముట్టుకునే ముందు చేతులు శుభ్రంగా కడుక్కుంటారు. బొంత ఒక మూలన గొలుసుకుట్టుతో పేరు కుట్టండి. అక్షరాలు కుట్టడం రాకపోతే ఒక జీడిపండు కుట్టండి. పైన గంట ఆకారంలో పండు, క్రింద కిడ్నీ లాగే వంపు తిరిగిన పిక్క. వద్దులెండి, పిక్క మానేసి పండూ, రెండాకులూ చాలు.