రెక్కలు కావాలంటే ఒళ్లు అప్పగించాలా?

వైమానికదళంలో పైలట్‌ కావాలంటే ఏం కావాలి? మార్కులు కావాలంటారు కొందరు. ధైర్యం ఉండాలంటారు ఇంకొందరు. ఇంగ్లిష్‌ గడగడా మాట్లాడాలంటారు మరికొందరు. అన్నీ నిజమే. కానీ అవన్నీ ఉన్నాక కూడా చివరికి తేల్చేది ఓ కొలతల టేపు, ఓ కంటి చార్టు, రంగురంగుల చుక్కలున్న ఓ చిన్న పుస్తకం! అక్కడ గట్టెక్కి యూనిఫాం వేసుకున్నాకైనా పరీక్ష అయిపోతుందా అంటే... అదీ లేదు. విమానం నడిపినంతకాలం ఒళ్లు లెక్క చెబుతూనే ఉండాలి.

ఉద్యోగం ఇచ్చినవాళ్లు మన ఒంటి మీద ఎంతవరకు షరతులు పెట్టొచ్చు? కరోనా రోజుల్లో ప్రపంచమంతా దీనిమీద వాదులాడుకుంది. మనదేశంలో ఆ వాదన వైమానికదళాన్నీ కోర్టు గుమ్మం ఎక్కించింది. పిల్లల్ని అటువైపు పంపాలనుకునే అమ్మానాన్నలు ఆ కథ తెలుసుకోవడం మంచిది.

విస్సన్నపేట సంగతే తీసుకోండి. నూజివీడు నుంచి తిరువూరు వెళ్లే దారిలో మామిడితోటల మధ్య ఉండే ఊరు. అటు నూజివీడు ట్రిపుల్‌ ఐటీ, ఇటు విజయవాడ కార్పొరేట్‌ కాలేజీలు. పదో తరగతి పూర్తయిన పిల్లలకు ఇంజినీరింగో మెడిసినో చెప్పేవాళ్లు వీధికొకరు దొరుకుతారు. గన్నవరంలో దిగే విమానాన్ని చూసి ‘నేనూ నడుపుతా’ అనే పిల్లాడికో పిల్లకో దారి చెప్పేవాళ్లే తక్కువ. పైలట్‌ కావాలంటే ఒళ్లు ఎలా ఉండాలో ముందే చెప్పేవాళ్లు మరీ తక్కువ.

టేపు చెప్పే జాతకం

దారులు చాలానే ఉన్నాయి. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్‌ చదివినవాళ్లకు ఎన్‌డీఏ. డిగ్రీ అయినవాళ్లకు సీడీఎస్‌, ఏఎఫ్‌క్యాట్‌. రాతపరీక్ష గట్టెక్కితే ఎంపిక బోర్డు ముందు ఇంటర్వ్యూ. ఆ తర్వాత పైలట్‌ కావాలనుకునేవాళ్లకు ప్రత్యేకంగా కంప్యూటరైజ్డ్‌ పైలట్‌ సెలెక్షన్‌ సిస్టమ్‌ అనే పరీక్ష. చేయి, కన్ను, మెదడు ఒకేసారి ఎంత చురుగ్గా పనిచేస్తాయో అది చూస్తుంది. దీంట్లో ఒక్కసారి తప్పితే ఫ్లయింగ్‌ బ్రాంచి తలుపు జన్మలో మళ్లీ తెరుచుకోదు. ఇంకో ప్రయత్నం ఉండదు.

వీటన్నింటి తర్వాత వైద్యపరీక్ష. ఢిల్లీలోని వైమానికదళ వైద్యకేంద్రంలోనో, బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ ఏరోస్పేస్‌ మెడిసిన్‌లోనో చేస్తారు. ఇటీవలి ఏళ్ల నోటిఫికేషన్ల ప్రకారం ఫ్లయింగ్‌ బ్రాంచికి ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు ఉండాలి. కాలి పొడవు 99 నుంచి 120 సెంటీమీటర్ల మధ్య, కూర్చున్నప్పుడు ఎత్తు 81.5 నుంచి 96 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. తొడ పొడవు 64 సెంటీమీటర్లు దాటకూడదు.

తొడ పొడవుతో విమానానికి ఏం పని? ఉంది. యుద్ధవిమానం ప్రమాదంలో పడితే పైలట్‌ కూర్చున్న సీటే రాకెట్‌లా పైకి ఎగిరి బయటపడుతుంది. కాక్‌పిట్‌ ఇరుకు. తొడ పొడవుగా ఉంటే ఆ క్షణంలో మోకాళ్లు ఎదుటి అంచుకు తగిలి నుజ్జయిపోతాయి. కూర్చున్న ఎత్తు ఎక్కువైతే తలకు ముప్పు. కాళ్లు పొట్టివైతే పెడళ్లు అందవు. అధికారి ఇష్టమొచ్చినట్టు పెట్టిన అంకెలు కావివి... విమానం పెట్టిన అంకెలు.

కళ్ల సంగతీ అంతే. రంగుల్ని సరిగ్గా పోల్చలేని వర్ణాంధత్వం ఉంటే పైలట్‌ అవకాశం లేనట్టే. ఇది ఎక్కువగా మగపిల్లల్లో, పుట్టుకతో వచ్చే లోపం. రోజువారీ పనులకు అడ్డురాదు కాబట్టి చాలామందికి పదిహేడో ఏట వైద్యపరీక్షలోగానీ తెలీదు. అప్పటికి నాలుగేళ్ల కోచింగూ, ఇంటిల్లిపాది ఆశా అన్నీ పెట్టేసి ఉంటారు. కంటి డాక్టరు దగ్గర ఐదు నిమిషాల పరీక్షతో తేలిపోయే విషయమది!

తెనాలితో అనుబంధం ఉన్న బండ్ల శిరీషను గుర్తుచేసుకోవచ్చు. అమెరికాలో పెరిగిన ఆమె వ్యోమగామి కావాలనుకుంది. చూపు సరిపోక ఆ దారి మూసుకుపోయింది. ఇంజినీరింగ్‌ చదివి మరో దారిలో వెళ్లింది. 2021 జులై 11న వర్జిన్‌ గెలాక్టిక్‌ నౌకలో అంతరిక్షపు అంచుదాకా వెళ్లొచ్చింది. ఒక తలుపు మూసుకుంటే జీవితం ఆగిపోదు. కాకపోతే మూసుకుందన్న సంగతి ఎంత ముందు తెలిస్తే అంత మేలు.

జలుబు చేసినా సెలవే

ఎంపికైనవాళ్ల శిక్షణ మన హైదరాబాద్‌ పక్కనే, దుండిగల్‌లోని ఎయిర్‌ఫోర్స్‌ అకాడమీలో. 2016 జూన్‌లో దేశంలోనే తొలి ముగ్గురు మహిళా ఫైటర్‌ పైలట్లు అవనీ చతుర్వేది, భావనా కాంత్‌, మోహనా సింగ్‌ బయటికొచ్చింది అక్కణ్నుంచే. ఇదే అకాడమీ శిక్షణ విమానం 2023 డిసెంబరులో మెదక్‌ జిల్లా తూప్రాన్‌ దగ్గర కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. ఈ ఉద్యోగంలో పొరపాటుకు, దురదృష్టానికి మూల్యం ఎంతో చెప్పడానికి అదొక్కటి చాలు.

అందుకే యూనిఫాం వేసుకున్నాక కూడా డాక్టరు వదలడు. ఏటా వైద్యపరీక్ష ఉంటుంది. పైలట్‌కు ఓ వైద్య కేటగిరీ ఇస్తారు. అది తగ్గితే కొన్నాళ్లు నేలమీదే. ఆపరేషనో, పెద్ద జబ్బో అయితే బెంగళూరు సంస్థలో మళ్లీ తేల్చాలి. 1957లో మొదలైన ఆ సంస్థలోనే పైలట్లను గిర్రున తిరిగే యంత్రంలో కూర్చోబెట్టి పరీక్షిస్తారు. యుద్ధవిమానం ఒక్కసారిగా మలుపు తిరిగితే ఒంటిమీద 9 రెట్ల బరువు పడొచ్చు. అంటే 60 కిలోల మనిషి 540 కిలోలవుతాడన్నమాట! రక్తం తలనుంచి కాళ్లకు దిగిపోతుంది. ముందు చూపు మసకబారుతుంది, తర్వాత స్పృహే పోతుంది. కొన్ని సెకన్లు చాలు, విమానం నేలను తాకడానికి.

మామూలు జలుబు కూడా ఇక్కడ చిన్నది కాదు. ముక్కు మూసుకుపోయి ఉంటే, విమానం దిగేటప్పుడు చెవిలోపలి గాలి ఒత్తిడి సర్దుకోదు. కర్ణభేరి చిట్లే ప్రమాదమూ ఉంది. అందుకే సొంతవైద్యం నిషిద్ధం. ఇంట్లో అమ్మ ఇచ్చే మాత్రయినా డాక్టరుకు చెప్పాకే. పౌరవిమానాల్లోనూ జాగ్రత్త అలాగే ఉంటుంది. కరోనా టీకాలు మొదలైనప్పుడు, టీకా వేయించుకున్న పైలట్లూ సిబ్బందీ 48 గంటలపాటు విమానం ఎక్కకూడదని 2021 మార్చిలో డీజీసీఏ చెప్పింది.

తొమ్మిదిమంది వద్దన్నారు

అసలు వివాదం మొదలైంది అదే ఏడాది. వైమానికదళంలో కరోనా టీకా వేయించుకోవాలన్నారు. జామ్‌నగర్‌లో పనిచేస్తున్న ఓ కార్పొరల్‌ వద్దన్నాడు. అతను పైలట్‌ కాదు. ఆయుర్వేద మందులతో ఒంట్లో నిరోధకశక్తి పెంచుకుంటున్నానని, టీకా తనకు ఇష్టంలేదని పై అధికారికి రాశాడు. ఉద్యోగంలోంచి ఎందుకు తీసేయకూడదో చెప్పమంటూ షోకాజ్‌ నోటీసు వచ్చింది. అతను గుజరాత్‌ హైకోర్టుకు వెళ్లాడు.

2021 ఆగస్టులో కేంద్రం కోర్టుకు లెక్క చెప్పింది. దేశం మొత్తంమీద వైమానికదళంలో టీకా వద్దన్నవాళ్లు తొమ్మిదిమంది. అందరికీ నోటీసులిచ్చారు. జవాబివ్వని ఒకరిని తొలగించారు. మామూలు జనానికి టీకా ఐచ్ఛికమే, వైమానికదళంలో మాత్రం అది సర్వీసు షరతు అన్నది కేంద్రం వాదన. చేరేటప్పుడు చేసిన ప్రమాణాన్నీ గుర్తుచేసింది. ఒక్కరి వల్ల దళం మొత్తం బలహీనపడకూడదంది. కార్పొరల్‌ విషయాన్ని మళ్లీ పరిశీలించమని హైకోర్టు వైమానికదళానికి చెప్పింది.

రెండువైపులా న్యాయం కనిపిస్తుంది. ఒకే బ్యారక్‌లో పడుకుని, ఒకే మెస్‌లో తిని, ఒకే విమానాన్ని చూసుకునే మనుషులు. ఒకరికి వస్తే పదిమందికి అంటుకుంటుంది. మరోవైపు, సూది దిగేది ఓ మనిషి ఒంట్లోకి. వద్దనే హక్కు అతనికి బొత్తిగా లేదా?

ఏడాది తిరక్కుండానే, 2022 మే 2న, జాకబ్‌ పులియేల్‌ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. బెంచీలో ఉన్నది జస్టిస్‌ లావు నాగేశ్వరరావు, జస్టిస్‌ బి.ఆర్‌.గవాయ్‌. నాగేశ్వరరావు మన చీరాలలో పుట్టినవారే. టీకా వేయించుకోమని ఎవర్నీ బలవంతపెట్టకూడదని, ఒంటిమీద హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణ కిందకే వస్తుందని కోర్టు చెప్పింది. అదే తీర్పులో మరో మాటా ఉంది. సమాజ ఆరోగ్యం కోసం ప్రభుత్వం కొన్ని పరిమితులు పెట్టొచ్చు... కాకపోతే వాటికి చట్టం అండ ఉండాలి, నిజమైన అవసరం ఉండాలి, అవసరానికి మించి ఉండకూడదు. అప్పటికి వ్యాప్తి తగ్గింది కాబట్టి, టీకా వేసుకోనివాళ్లను బహిరంగ ప్రదేశాలకు రానివ్వకుండా పెట్టిన ఆంక్షలు అతిగా ఉన్నాయని తేల్చింది. సైన్యం షరతుల గురించి విడిగా తీర్పు చెప్పలేదు. అయినా ఏ షరతునైనా తూచడానికి ఓ తక్కెడ ఇచ్చింది.

అమెరికాలో ఇదే గొడవ ఇంకా పెద్దదయింది. సైన్యంలో రోగనిరోధక చర్యలు తప్పనిసరి చేయడం వాళ్లకు కొత్తకాదు. 1777లోనే జార్జి వాషింగ్టన్‌ తన సేనకు మశూచి రాకుండా ఆనాటి పద్ధతిలో టీకాలు వేయించాడు. కానీ 2021 ఆగస్టులో రక్షణశాఖ కరోనా టీకా తప్పనిసరి చేశాక వద్దన్న ఎనిమిది వేలమందికి పైగా ఉద్యోగాలు పోయాయి. 2023 జనవరిలో ఆ నిబంధన ఎత్తేశారు. 2025 జనవరిలో, అలా వెళ్లిపోయినవాళ్లు మళ్లీ చేరొచ్చంటూ అధ్యక్షుడు ట్రంప్‌ ఉత్తర్వు ఇచ్చారు. నిబంధన పెట్టిందీ వాళ్లే, తీసిందీ వాళ్లే. మధ్యలో నలిగింది మాత్రం ఉద్యోగులు. ఫైటర్‌ పైలట్‌ను తయారుచేయడానికి ఏళ్లు పడుతుంది. పోగొట్టుకోవడానికి ఒక్క కాగితం చాలు.

దాచిపెడితే ఎవరికి నష్టం?

టీకా గొడవ సద్దుమణిగింది. సద్దుమణగనిది ఇంకోటుంది... భయం. వైద్యపరీక్షలో తేలితే ఎగరనివ్వరన్న భయం. నడుంనొప్పి, నిద్రపట్టకపోవడం, మనసు బాగోకపోవడం... చెబితే కేటగిరీ పోతుందని దాచుకుంటారు. అమెరికాలో పైలట్ల మీద 2022లో వెలువడిన ఓ అధ్యయనంలో సగానికిపైగా పైలట్లు, ఎగిరే అర్హత పోతుందన్న భయంతో ఎప్పుడో ఒకప్పుడు వైద్యానికి వెనకాడామని ఒప్పుకున్నారు. 2015లో జర్మన్‌వింగ్స్‌ విమానాన్ని కో-పైలట్‌ కావాలనే కొండను ఢీకొట్టించి 150 మందిని బలిగొన్నాడు. ఉద్యోగానికి పనికిరాడని డాక్టర్లు రాసిచ్చిన కాగితాల్ని అతను సంస్థకు చూపించలేదు.

షరతు ఎంత కఠినంగా ఉన్నా, చెప్పుకుంటే వైద్యం చేయించి మళ్లీ విమానం ఎక్కనిస్తారన్న నమ్మకం లేకపోతే అది కాగితం మీదే మిగులుతుంది. మరో సంగతి... ఆరోగ్య నిబంధనలు ఉద్యోగికేనా? పౌరవిమాన పైలట్లు అలసట మీద ఏళ్లతరబడి కోర్టులో పోరాడాక, వారానికి ఇచ్చే విశ్రాంతిని 36 గంటలనుంచి 48 గంటలకు పెంచుతూ కొత్త నిబంధనలు 2025లో అమలయ్యాయి. దానికి తగ్గట్టు సిబ్బందిని సర్దుకోలేక అదే ఏడాది డిసెంబరులో ఇండిగో వేల విమానాలు రద్దుచేసింది. పైలట్‌ ఒళ్లు లెక్క చెప్పాలంటే, ఆ ఒంటికి విశ్రాంతి ఇచ్చే లెక్క యాజమాన్యం కూడా చెప్పాలి. షరతు రెండువైపులా ఉంటేనే అది షరతు. ఒకవైపే ఉంటే పెత్తనం.

ఇంట్లో ఏం చేయాలి?

పిల్లలకు నిజంగా ఆసక్తి ఉంటే ఎనిమిదో తరగతిలోపే కంటి డాక్టరుకు చూపించండి. దూరపు చూపుతోపాటు రంగుల పరీక్ష కూడా చేయించండి. ఎత్తు, కాళ్ల పొడవు ఎదిగే వయసులో మారుతుంటాయి కాబట్టి ఇంటర్‌ నాటికి ఓసారి కొలిపించుకుంటే చాలు. లేజర్‌ చికిత్సతో అద్దాలు తీసేయిస్తే సరిపోతుందని ఎవరో చెబితే నమ్మేయొద్దు. ఏ ప్రవేశానికి, ఏ వయసు దాటాక, ఏ షరతులతో ఒప్పుకుంటారో ఆ ఏటి నోటిఫికేషన్‌ చూశాకే అడుగువేయాలి.

ఇంకా ముందునుంచే ఆ వాతావరణంలో పెంచాలనుకుంటే సైనిక్‌ స్కూళ్లున్నాయి. విజయనగరం దగ్గర కోరుకొండలో 1962నుంచి, చిత్తూరువైపు కలికిరిలో 2014నుంచి నడుస్తున్నాయి. ఆరో తరగతిలో ప్రవేశపరీక్ష. అమ్మాయిలకూ సీట్లున్నాయి. ఎన్‌డీఏలో 2022లో చేరిన తొలి అమ్మాయిల బృందం 17 మందితో 2025 మేలో శిక్షణ ముగించుకుంది.

వైద్యపరీక్షలో ‘అన్‌ఫిట్‌’ అని రాస్తే అక్కడితో కుప్పకూలిపోనక్కర్లేదు. కొన్ని లోపాలు తాత్కాలికం. గడువులోపల అప్పీలు చేసుకోవచ్చు. ఫ్లయింగ్‌ కాకపోయినా టెక్నికల్‌, గ్రౌండ్‌ డ్యూటీ బ్రాంచిల్లో కొలతలు ఇంత కఠినంగా ఉండవు. విమానాన్ని ఎగరేసేది ఒక్కరే అయినా ఎగిరేలా చూసేది చాలామంది.

అన్నింటికన్నా ముఖ్యం, సంతకం పెట్టేముందు ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవడం. ఈ ఉద్యోగంలో ఏ టీకా వేయించుకోవాలో, ఎప్పుడు నిద్రపోవాలో, ఏ మాత్ర మింగకూడదో మరొకరు చెబుతారు. అది ఇష్టమేనా? ఇష్టమే అంటే ఆ షరతుల్ని మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. వాటికి కారణం అడిగే హక్కును మాత్రం వదులుకోవాల్సిన పనిలేదు. తెలిసి ఒప్పుకున్న షరతు క్రమశిక్షణ అవుతుంది. తెలియక తలకెత్తుకున్నది ఎప్పుడో ఒకప్పుడు బరువవుతుంది.