నింద లేని స్తుతి: తెరమీది రామదాసు

గ్రంథస్థమైన రచన తెరకెక్కినప్పుడు పాఠకుడు నిరాశ చెందితే, ‘మాధ్యమం వేరు’ అన్న ఒక్క మాటతో వాదాన్ని ముగించడం విమర్శలో పరిపాటి అయింది. మాధ్యమభేదం మార్పును సమర్థిస్తుంది గాని లోపాన్ని సమర్థించదు. భద్రాచల రామదాసు విషయం ఇందుకు నిదర్శనం.

తహసీల్దారు కంచర్ల గోపన్న ఆలయ నిర్మాణానికి ప్రభుత్వ ధనం వెచ్చించి గోల్కొండ చెరసాల పాలయ్యాడు. ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనలో ఆయన ఏ నగకు ఎంత పట్టిందో లెక్క అప్పగిస్తాడు; ఎవరి సొమ్మని కులుకుతున్నావని రాముణ్ణే నిలదీస్తాడు; దెబ్బలకు ఓర్వలేక తిట్టానని వెంటనే వేడుకొంటాడు. అవతలి నుంచి సమాధానం రాదు. ఆ మౌనమే కీర్తనకు ప్రాణం.

2006లో కె. రాఘవేంద్రరావు దర్శకత్వంలో వచ్చిన ‘శ్రీరామదాసు’ ఈ కీర్తనను విడిచిపెట్టలేదు. అయితే అందులో రాముడు ఒక పాత్ర. ప్రేక్షకుడు ఆయనను కళ్లారా చూస్తాడు. ఆలకించే దేవుడు తెరమీదే ఉన్నప్పుడు నిందాస్తుతిలో నింద పలచబడి స్తుతి మాత్రమే మిగులుతుంది.

రామలక్ష్మణులు తానీషాకు పైకం చెల్లించిన ఐతిహ్యం ప్రజలదే కదా అనవచ్చు. నిజమే. కాని ఐతిహ్యం ముగింపు తెలిసినవారు చెప్పుకొనే కథ; కీర్తన ముగింపు తెలియనివాని గొంతు. చిత్రం రెండవదానిని మొదటిదానికి నేపథ్యగానంగా మార్చింది.

కనుక పాఠకుని నిరాశను ఛాందసమని తోసిపుచ్చరాదు, అది సాహిత్యవిమర్శే. రామదాసును తెరమీదనే ఎరిగిన విద్యార్థిచేత తెలుగు శాఖలు ముందుగా చదివించవలసింది ఆ లెక్కల కీర్తననే.