నూరు రూపాయల తేడా చెవికి తెలుస్తుందా?

మొన్న ఆదివారం మా అమ్మాయి ఫోను పట్టుకొచ్చి, "అమ్మా, నెలకి ఇంకో నూరు రూపాయలు కడితే పాట అసలు రికార్డింగులో ఉన్నట్టే వినొచ్చు" అంది. నూరే కదా అనిపిస్తుంది. ఏడాదికి పన్నెండు వందలు! పాల లెక్క చూసుకునే మనకి ఆ మాట తట్టకుండా ఉంటుందా?

సంగతేమిటంటే, 2025 నవంబరులో స్పాటిఫై మన దేశంలో చందాలను 139, 199, 299 రూపాయల చొప్పున మూడు రకాలు చేసింది. 199 చందాలో పాట సెకనుకు 320 కిలోబిట్ల దాకా వస్తుంది. 299 దాంట్లో 'లాస్‌లెస్', అంటే ఏమీ పారేయని పాట. ఆపిల్ మ్యూజిక్ అయితే 2021 జూన్‌లోనే దీన్ని అదనపు ధర లేకుండా ఇచ్చింది.

ఇంతకీ పారేసేదేమిటి? సీడీ పాటకి సెకనుకు సుమారు 1,411 కిలోబిట్లు కావాలి. ఎంపీ3 లాంటి పద్ధతులు మన చెవి పట్టుకోలేని సవ్వడులను తీసేసి పాటను చిన్నది చేస్తాయి. జర్మనీలో ఎంపీ3కి మెరుగులు దిద్దిన కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్, అమెరికన్ గాయని సుజాన్ వేగా పాటను పరీక్షకి పెట్టుకున్నారు. వాద్యాలు లేని ఒంటరి గొంతు. మొదట్లో అది పాడైపోయి వినిపించింది, సరిగ్గా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ దిద్దారు. ఆడగొంతుని ఏమార్చడం అంత తేలికా మరి!

320 దగ్గరకొచ్చేసరికి చాలామందికి తేడా తెలియదు. మా ఆడపడుచు ఇంట్లో ఆ పెద్ద చందా ఉంది. ఒకే పాట రెండు రకాలుగా పెట్టించి, వైరు హెడ్‌ఫోన్‌లో కళ్ళు మూసుకుని విన్నాం. ఐదుసార్లలో అమ్మాయి మూడుసార్లు సరిగ్గా చెప్పింది, నేను రెండుసార్లు. బొమ్మా బొరుసూ వేసినా అంతేగా?

పైగా అది రోజూ వినేది బ్లూటూత్‌లో. మామూలు బ్లూటూత్ పాటను మళ్ళీ కుదించే చెవికి పంపుతుంది. చిక్కటి పాలు కొనితెచ్చి గుమ్మం దగ్గర నీళ్ళు కలుపుకున్నట్టు! ఇక నాకిష్టమైన పాత పాటల సంగతంటారా, అరిగిన రికార్డు నుంచి ఎక్కించినదైతే లాస్‌లెస్ ఆ గరగరని కూడా పొల్లుపోకుండా వినిపిస్తుంది.

సంగీతం నేర్చుకునేవాళ్ళు, మంచి హెడ్‌ఫోన్ ఉన్నవాళ్ళ మాట వేరు. 299 చందాని ముగ్గురిదాకా వాడుకోవచ్చు కాబట్టి, ఇంట్లో వినేవాళ్ళు ఎక్కువైతే గిట్టుబాటు అక్కడుంది, నాణ్యతలో కాదు. మా ఇంట్లో చందా కట్టి వినేది అదొక్కతే.

అందుకే 199 చాలన్నాను. మిగిలిన డబ్బుతో వైరున్న మంచి హెడ్‌ఫోన్ కొనిస్తానన్నాను. "వైరా!" అని మొహం చిట్లించింది.