చెప్పడం వేరు, చేరడం వేరు

పొరుగు రాష్ట్రాల తెలుగువారి హక్కుల ప్రస్తావన వచ్చినప్పుడెల్లా మన నోట ముందుగా వచ్చే మాట బడి. తెలుగు మాధ్యమం మూతబడుతున్నదని, పాఠ్యపుస్తకాలు అందడం లేదని, ఉపాధ్యాయుల ఖాళీలు నింపడం లేదని ఏళ్ల తరబడి విన్నవించుకుంటూ వస్తున్నాము. 2006లో తమిళనాడు తెచ్చిన తమిళ అభ్యసన చట్టం విషయంలో న్యాయస్థానాల మెట్లూ ఎక్కాము. ఆ పోరాటం ఆగవలసినది కాదు. అయితే రేపు పలక పట్టవలసిన బిడ్డ ముందు బతకాలి. పలక మీది అక్షరాన్ని చూడడానికి ఆ బిడ్డకు చూపుండాలి. అందుకే ఈ నెల బడి గడపకు ఐదేళ్ల ముందున్న మరొక గడపను గురించి రాస్తున్నాను. అది నెలలు నిండకుండానో, జబ్బుతోనో పుట్టిన పసికందులను ఉంచే ఆసుపత్రి గది గడప.

37 వారాలు నిండక ముందే పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డగా వైద్యశాస్త్రం లెక్కిస్తుంది. అటువంటి పసివారికోసం జిల్లా ఆసుపత్రులలో ప్రత్యేక నవజాత శిశు సంరక్షణ విభాగాలు ఏర్పడ్డాయి. 2003లో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో మొదలైన నమూనా దేశమంతటా విస్తరించింది. 2011 జూన్ 1న ఆరంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ బిడ్డలకు మందులు, పరీక్షలు, రక్తం, రాకపోకల వాహనం ఉచితం. తరువాత ఆ సౌకర్యాన్ని ఏడాది వయసు వరకు పొడిగించారు. గదులు వచ్చాయి, యంత్రాలు వచ్చాయి. ఆ గదిలో మాట ఏ భాషలో సాగాలన్న సంగతి మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు.

మన ఇళ్లలో దీనిని 'బిడ్డను అద్దాల పెట్టెలో పెట్టారు' అంటారు. పచ్చి బాలింత ఒక వార్డులో ఉంటుంది, బిడ్డ మరొక అంతస్తులో ఉంటుంది. అమ్మమ్మ, నాయనమ్మ వరండాలో చాప పరచుకుని కూర్చుంటారు. తండ్రి మందుల చీటీ పట్టుకుని మెట్లెక్కి దిగుతుంటాడు. బారసాల నాటికీ బిడ్డ ఒడిలోకి రాదు. ఏడో నెల బిడ్డ దక్కుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు అని పక్క మంచం పెద్దావిడ తనకు తెలిసిన మాట చెబుతుంది. నిజం దానికి తలకిందులు. కడుపులో గడిచిన ప్రతి వారమూ బిడ్డకు బలమే. ఆ సంగతి చెప్పి తల్లి గుండె నిలపగలిగిన నర్సు అక్కడే ఉంది. ఆమె మంచిదే, తీరిక చేసుకుని చెబుతుంది కూడా. ఆమె చెప్పే భాష తల్లికి రాదు, అంతే.

తరతరాలుగా ఇక్కడే ఉంటున్నారు కదా, ఈ రాష్ట్రపు భాష రాదా అని అధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మన మగవారికి సంతలో, బస్సులో, పొలం గట్టు మీద కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో చక్కగా వస్తుంది. కాని బేరానికి సరిపడే భాష వేరు, 'ఊపిరి మధ్యలో ఆగిపోతున్నది, గొట్టం వేయాలి, సంతకం పెట్టు' అన్న మాటను గ్రహించే భాష వేరు. పైగా ఆ గదిలో ముఖ్యురాలు తల్లి. ఆమె తరచుగా చిత్తూరు వైపునుంచో, శ్రీకాకుళం వైపునుంచో, మంచిర్యాల వైపునుంచో కోడలిగా వచ్చిన పిల్ల. హద్దు దాటి పెళ్లి సంబంధాలు కలుపుకోవడం 1956కు ముందునుంచీ ఉన్నదే. గీత తరువాత గీశారు.

ఈ లోటు వల్ల జరిగే నష్టాలలో ఒకదానిని మాత్రం వివరంగా చెప్పదలచాను. నెలలు నిండని బిడ్డ కంటి లోపలి పొరలో రక్తనాళాలు పూర్తిగా ఎదిగి ఉండవు. పుట్టిన తరువాత అవి అడ్డదిడ్డంగా పెరిగితే ఆ పొర ఊడిపోయి చూపు శాశ్వతంగా పోవచ్చు. దీనినే ఆర్‌ఓపీ అంటారు. పైకి కన్ను మామూలుగానే కనిపిస్తుంది. తల్లి ఎంత చూసినా తెలియదు. రెండు కిలోలకన్న తక్కువ బరువుతోగాని, 34 వారాలకన్న ముందుగాని పుట్టిన బిడ్డకు నెల లోపల కంటి పరీక్ష జరగాలి. 28 వారాలకన్న ముందుగాని, 1200 గ్రాములకన్న తక్కువ బరువుతోగాని పుడితే ఇంకా ముందే, రెండు మూడు వారాలకే జరగాలి. సకాలంలో పట్టుకుంటే లేజర్ చికిత్సతో చాలామందికి చూపు నిలుస్తుంది. గడువు దాటితే వైద్యానికి చేయగలిగింది చాలా తక్కువ. అంటే ఒక బిడ్డ జీవితకాలపు చూపు, ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితం మీది ఒక తేదీ మీద ఆధారపడి ఉంది.

ఒక సరిహద్దు జిల్లానుంచి నా దగ్గరకు ఒక తాపీ మేస్త్రీ వచ్చాడు. 31 వారాలకు పుట్టిన బిడ్డ 24 రోజులు విభాగంలో ఉండి బతికి బయటపడింది. ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. మూడు అక్షరాల పొడిపేరు, పక్కన ఒక తేదీ. నోటిమాటగా ఆ రాష్ట్ర భాషలో చెప్పారు. కంటికి చుక్కల మందు సంగతేదో చెబుతున్నారనుకుని, తల్లీబిడ్డలను ఆంధ్ర వైపున్న పుట్టింటికి పంపాడు. ఆ తేదీ అక్కడే దాటిపోయింది. దీపం ఎటు తిప్పినా బిడ్డ చూపు తిరగడం లేదని కొన్ని నెలలకు అమ్మమ్మ గమనించింది. ఆసుపత్రిని అడిగితే, 'చెప్పాము, కాగితంలోనూ రాశాము' అన్నారు. అది నిజమే. ఆ మాట వీరికి చేరలేదన్నదీ నిజమే. చెప్పడంతో బాధ్యత తీరిపోతుందా, చేరితేనే తీరుతుందా అన్నదే మన ముందున్న ప్రశ్న.

చట్టం ఏ వైపు నడుస్తున్నదో చూడండి. 1996లో చెన్నైలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో 29 వారాలకు, 1250 గ్రాముల బరువుతో పుట్టిన ఆడబిడ్డ ఇదే జబ్బుతో చూపు కోల్పోయింది. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో ఈ ప్రమాదాన్ని గురించి తల్లిదండ్రులకు హెచ్చరికే లేదని 2015లో సుప్రీంకోర్టు తప్పుపట్టి, మొత్తం సుమారు 1 కోటి 80 లక్షల రూపాయల పరిహారం విధించింది. 2019లో ఇటువంటిదే మరొక కేసులో 76 లక్షలు ఇప్పించింది. తగిన సమాచారం ఇచ్చి పొందిన సమ్మతే సమ్మతి అని 2008లోనే ఆ న్యాయస్థానం చెప్పి ఉంది. జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించగా 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ వెలువరించిన రోగుల హక్కుల పత్రం, రోగికి తెలిసిన భాషలో వివరించాలని స్పష్టంగా పేర్కొన్నది. హెచ్చరిక లేని కాగితానికీ, చదవలేని భాషలో హెచ్చరిక ఉన్న కాగితానికీ తల్లి దృష్టిలో తేడా లేదు. చట్టం దృష్టిలోనూ ఉండరాదని నా వాదన.

భాషకు చికిత్సతో ఉన్న సంబంధం కంటి పరీక్షతో ముగియదు. బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి, చర్మానికి చర్మం తగిలేలా కట్టుకునే కంగారూ సంరక్షణ వల్ల ప్రాణాలు నిలుస్తున్నాయి. మన దేశంతో సహా ఐదు దేశాలలో జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, తక్కువ బరువు బిడ్డలకు పుట్టిన వెంటనే దీనిని మొదలుపెడితే మరణాలు నాలుగో వంతు తగ్గాయి. కుటుంబ సభ్యులకు శిక్షణ ఇచ్చి సంరక్షణలో భాగస్వాములను చేయాలని 2017లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. బిడ్డను ఎలా కట్టుకోవాలో, పిండిన పాలు ఎన్ని మిల్లీలీటర్లు పట్టాలో, ఏ లక్షణం కనిపిస్తే పరుగెత్తి రావాలో చెప్పేదే ఆ శిక్షణ. అర్థంకాని శిక్షణ శిక్షణ కాదు.

మన జిల్లాల భౌగోళిక స్థితి ఈ చిక్కును రెట్టింపు చేస్తున్నది. సిరొంచ వారికి తమ జిల్లా కేంద్రం గడ్చిరోలి రెండువందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. గోదావరి దాటితే తెలంగాణ. రాయగడ, గజపతి జిల్లాల వారికి పెద్దాసుపత్రి అంటే ఒకప్పుడు బరంపురం, ఒకప్పుడు విశాఖ. 1965 చట్టం వల్ల యానాంలో తెలుగుకు అధికార స్థానం ఉన్నా, బిడ్డను పుదుచ్చేరికి పంపితే ఆ రక్షణ వెంట రాదు. తొలికాన్పుకు పుట్టింటికి వెళ్లే ఆచారం వల్ల కాగితాలు రెండు రాష్ట్రాల మధ్య తిరుగుతుంటాయి.

ప్రభుత్వాలను మనం అడగవలసినవి పెద్దవి కావు. తెలుగువారు గణనీయంగా ఉన్న జిల్లాల శిశు విభాగాలలో, ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితంతోపాటు ఒక పుట తెలుగు పత్రం ఇవ్వాలి. కంటి పరీక్ష తేదీ, వినికిడి పరీక్ష తేదీ, పాల కొలత, ప్రమాద సూచనలు అందులో ఉండాలి. సమ్మతి పత్రాన్ని సంతకానికి ముందు తెలుగులో చదివి వినిపించే బాధ్యత ఒక ఉద్యోగికి అప్పగించాలి. ఊడ్చే ఆయమ్మ మీదనో, పక్క మంచం చుట్టాల మీదనో దానిని వదలరాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో తెలుగులో అచ్చవుతున్న తల్లీబిడ్డల కార్డులను, శిక్షణ సామగ్రిని తెప్పించుకుంటే ఖర్చూ పెద్దగా ఉండదు. జనాభాలో 15 శాతానికి తగ్గకుండా ఉన్నచోట ముఖ్యమైన ప్రకటనలు అల్పసంఖ్యాకుల భాషలోనూ ఉండాలన్నది రాష్ట్రాలు ఎన్నడో అంగీకరించిన రక్షణే.

ఇక కుటుంబాలకు ఒక మాట. ఆసుపత్రి గడప దాటేముందు నాలుగు సంగతులు అడగండి: బిడ్డ ఎన్ని వారాలకు పుట్టింది, ఎంత బరువుతో పుట్టింది, కంటి పరీక్ష ఏ రోజు, ఎక్కడ. జవాబును మీ చేతులతో తెలుగులో రాసుకుని, రాసినది చదివి వినిపించి సరేననిపించుకోండి. పుట్టింటికి వెళితే ఆ కాగితం బిడ్డతో వెళ్లాలి. వైద్య రికార్డు నకలును రాతపూర్వకంగా అడిగితే 72 గంటలలో ఇవ్వాలన్నది 2002 నాటి వైద్య నియమావళి. తెలుగు పత్రం ఇవ్వకపోతే కలెక్టరుకు తెలుగులోనే అర్జీ పెట్టండి. ఆ హక్కు రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చింది. నకలును 350-బి కింద ఏర్పడిన భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు పంపండి.

రాష్ట్ర భాషను నేర్చుకోవడం మన బాధ్యత. దానిని ఎన్నడూ కాదనలేదు. రాత్రింబవళ్లు మన బిడ్డలను కాపాడుతున్న నర్సమ్మలూ వైద్యులూ మనకు ప్రత్యర్థులు కారు. వారు పడుతున్న శ్రమ చివరి మెట్టు మీద, భాష దగ్గర, వృథా కాకూడదన్నదే మన కోరిక. రేపటి అర్జీలలో బడి పక్కన ఈ గదినీ చేర్చుదాము.