చక్రాల ఇంటికి తగిన బండి

డల్లాస్‌లో స్థిరపడిన మన పాఠకులొకరు వుత్తరం రాశారు. వచ్చే ఏడు వుద్యోగ విరమణ చేసి, వున్న ఇల్లు అమ్మి, చక్రాల మీద నడిచే ఇల్లు కొని, దంపతులిద్దరూ కొలరాడో కొండల మీదుగా దేశం చుట్టి రావాలని వారి సంకల్పం. ఇల్లు చూసుకున్నారు. ఇక దాన్ని లాగే పికప్ ట్రక్కు సంగతి. "మీకున్న ఎఫ్-150 చాలునండీ" అన్నాడట ఇల్లు అమ్మేవాడు.

చాలదు. ఎందుకు చాలదో కాస్త వివరంగా చెప్పాలి.

వారు కొనబోయేది ‘ఫిఫ్త్ వీల్’ ట్రెయిలరు. అయిదో చక్రమని పేరే గాని అక్కడ చక్రమేమీ లేదు. పూర్వం గుర్రపు బగ్గీల ముందు ఇరుసు తిరగడానికి పడుకోబెట్టిన చక్రమొకటి వుండేది. ఆ పేరే మిగిలింది. మామూలు ట్రెయిలరు ట్రక్కు తోకకు తగులుకుంటే, ఇది ట్రక్కు తొట్టిలో, వెనక ఇరుసు మీదుగా బిగించిన ఇనుప హిచ్‌లో కూచుంటుంది. అందువల్ల గాలికి అంతగా వూగదు. కాని బరువంతా వీపు మీద పడుతుంది.

ఎద్దుబండికి బస్తాలు వేసిన వారికి ఇది చెప్పనక్కరలేదు. ముందుబరువైతే ఎంత బలమైన ఎద్దుకైనా మెడ వంగిపోతుంది. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసేది లాగే శక్తి. మనం చూడవలసింది మోసే శక్తి.

వారి ట్రెయిలరు సామానుతో 14,000 పౌన్లు, అంటే దాదాపు 6,350 కిలోలు. ఫిఫ్త్ వీల్ బరువులో నూటికి 15 నుంచి 25 వంతులు ట్రక్కు మీద పడుతుంది. ఇరవై వేసుకుంటే 2,800. హిచ్‌కు 200, దంపతులకూ పెట్టెలకూ పనిముట్లకూ 500. మొత్తం 3,500 పౌన్లు.

ఇప్పుడు డ్రైవరు తలుపు తెరిచి, చట్రానికి అంటించిన చీటీ చూడండి. మనుషులూ సామానూ కలిసి ఎంతకు మించరాదో దానిమీద వుంటుంది. ఎఫ్-150, రామ్ 1500 వంటి ‘అరటన్ను’ బండ్లకు అది సాధారణంగా 1,500, 2,000 ప్రాంతం. ‘ముప్పావుటన్ను’ ఎఫ్-250 డీజిలు చూడ్డానికి భీముడే. కాని ఆ ఇంజను బరువే ఎక్కువ కనుక, మోయడానికి మిగిలేది చాలా బండ్లలో రెండు వేల చిల్లర. ఎఫ్-350, రామ్ 3500 వంటి ‘ఒకటన్ను’ బండి తీసుకుంటేనే లెక్క కుదురుతుంది. పెద్ద బండ్లకు ఆ చీటీ లేకపోతే, గరిష్ఠ అనుమతి బరువులోంచి కాటా మీద తూయించిన బరువు తీసివేయాలి. నాలుగు వేలు మిగిలితే వెనక జంటచక్రాలు అక్కరలేదు. అవి వుంటే వూళ్ళో బండి నిలపడం ప్రయాస. శ్రీమతిగారు ఇంకా పెద్ద ఇల్లు కోరితే మాత్రం తప్పదు.

తొట్టి ఎనిమిదడుగులది తీసుకోండి. పొట్టిదైతే ఇరుకు మలుపులో ట్రెయిలరు మూల వచ్చి వెనక అద్దాన్ని తాకవచ్చు. వెనక్కు జరిగే హిచ్‌లు వున్నాయి గాని, అదొక అదనపు ఖర్చు.

డీజిలే ఎందుకంటే, డెన్వరు దాటి పడమటికి వెళ్ళే 70వ నంబరు రహదారి ఐసెన్‌హోవర్ సొరంగం దగ్గర 11,000 అడుగులు దాటుతుంది. ఎక్కేటప్పుడు బండి మెల్లగా పోతే పోయేది కాలమే. దిగేటప్పుడు ఆరేడు టన్నులు వెనకనుంచి తోస్తుంటాయి; అదేపనిగా తొక్కితే బ్రేకులు వేడెక్కి పట్టు వదులుతాయి. డీజిలు బండ్లలోని ఎగ్జాస్టు బ్రేకు ఇంజను చేతనే వేగం అణచిపెడుతుంది. ట్రెయిలరుకు సొంత ఎలక్ట్రిక్ బ్రేకులుంటాయి. వాటిని నడిపే కంట్రోలరు ట్రక్కులో వుందో లేదో అడగండి.

ఇంకొక్క మాట. టెక్సాస్‌లో పదివేల పౌన్లు మించిన ట్రెయిలరు లాగుతూ, రెండు బండ్ల అనుమతి బరువు కలిసి 26,000 దాటితే సొంత వాడకానికైనా ‘ఎ’ తరగతి లైసెన్సు కావాలి. ఒకటన్ను బండికే 11,000 పైన వుంటుంది, ఇల్లు 14,000. కనుక బయానా ఇచ్చేలోపలే రెండు చీటీలూ పక్కన పెట్టి కూడి చూసుకోండి.