బొమ్మలమ్మగుట్ట కాలిబాట

వేములవాడకు వచ్చే యాత్రికులు ధర్మగుండంలో స్నానమాచరించి, రాజరాజేశ్వరునికి కోడెమొక్కు చెల్లించి మరలిపోతారు. అనతిదూరంలో, గంగాధర మండలం కురిక్యాల సమీపాన, తెలుగువారందరూ ఒక్కసారైనా కాలినడకన ఎక్కదగిన గుట్ట ఒకటున్నదని వారిలో ఎరిగినవారు అరుదు. అదే బొమ్మలమ్మగుట్ట.

వేములవాడ చాళుక్య ప్రభువు రెండవ అరికేసరి ఆస్థానకవి పంపడు. ‘విక్రమార్జున విజయం’ రచించి కన్నడ ఆదికవిగా కీర్తిగాంచినవాడు. ఆయన తమ్ముడు జినవల్లభుడు క్రీ.శ. 945 ప్రాంతంలో ఈ గుట్టరాతిపై చక్రేశ్వరీదేవిని, జినబింబాలను చెక్కించి, సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో శాసనం వేయించాడు. అందులోని తెలుగు కందపద్యాలు నన్నయ భారతానికి దాదాపు నూరేండ్లు ముందటివి. తరగతిలో కందలక్షణం వల్లెవేసే విద్యార్థికి ఆ పద్యం బండమీద కంటబడితే కలిగే అనుభూతి వేరు. శాసనం మరొక విశేషాన్నీ చెబుతుంది. జినవల్లభుడు త్రిభువనతిలకమనే బసదిని, కవితాగుణార్ణవమనే చెరువును, మదనవిలాసమనే తోటను ఏర్పరచాడు. అన్నగారి బిరుదును చెరువుకు పెట్టుకొన్న తమ్ముడాతడు! గుడితోపాటు చెరువు, చెరువుతోపాటు తోట ఉండాలని వెయ్యేండ్ల క్రిందటి మనిషికి తెలుసు.

అటువంటి గుట్టను చాలా ఏండ్లుగా రాతిగనుల ముప్పు వెన్నాడుతున్నది. కరీంనగర్ గ్రానైటుకు విదేశాలలోనూ గిరాకీ మెండు. దానివల్ల పలువురికి ఉపాధి లభిస్తున్నదన్న మాటా నిజమే. కాని గ్రానైటు మరొక గుట్టలో దొరకవచ్చు. జినవల్లభుని పద్యం మరొక గుట్టపై దొరకదు. ప్రేలుళ్ళ అదురుకు బండ బీటవారిన పిదప ఎవరు ఏ పరిహారం చెల్లించగలరు?

గుట్టను కాపాడటానికి కంచె ఒక్కటే చాలదు, నడిచేవారు కావాలి. హైదరాబాదులోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానం 1998లో ఏర్పడింది. 2016లో పైవంతెనల కోసం దాని చుట్టూ ఉన్న చెట్లను కొట్టే ప్రతిపాదన వచ్చినపుడు, వద్దని నిలిచినవారిలో నిత్యం అక్కడ నడిచేవారు ఉన్నారు. కారులో వచ్చి చూసిపోయేవానికి ఆ మమకారం పుట్టదు.

కనుక బొమ్మలమ్మగుట్టకు కావలసింది పైదాకా తారురోడ్డు కాదు. వాహనాలను దిగువనే ఆపి, కాలిబాటను సరిచేసి, ఇరువైపులా వేప, రేల, మోదుగ, తంగేడు పెంచితే చాలు. శాసనపాఠాన్ని నేటి లిపిలో ఒక ఫలకంపై వ్రాయించి బాట మొదట్లో నిలపాలి. ఒక కావలివాడూ ఉండాలి. బండలపై తమ పేర్లు గీకి తామూ శాసనకర్తలమనుకొనే వీరులు ఎక్కడైనా ఉంటారు. వేములవాడ, గంగాధర, కరీంనగర్ కళాశాలలు ఏటా ఒక ఉదయాన తమ విద్యార్థులను ఆ బాటన నడిపించవచ్చు. ఆనాటి తెలుగు పాఠం గుట్టపైనే జరగవచ్చు.